అరగంటలో రాగల మనిషి

మూడో అంతస్తులో అద్దె ఇల్లు. మధ్యాహ్నం మూడు దాటింది. ఇంకా విప్పని అట్టపెట్టె మీద ఒక ఫారం, దానికి అటు భర్త, ఇటు భార్య. కిటికీ దగ్గర మూడేళ్ళ పాప.

“పోనీ, మీ చిన్నాన్న పేరు రాసేద్దాం.”

“ఏముందో చదివావా బావా? ‘తల్లిదండ్రులు అందుబాటులో లేనప్పుడు అరగంటలో వచ్చి బిడ్డను తీసుకెళ్ళగల మనిషి.’ మా చిన్నాన్న రావాలంటే రెండు విమానాలు మారాలి.”

“ఎవరు చూడొచ్చారు?”

“డే కేర్ వాళ్ళు ఫోన్ చేసి కనుక్కుంటారు. చిన్నాన్నకి అసలే చెవుడు.”

“మరి ఎవరూ లేనివాళ్ళు ఏం చెయ్యాలట?”

“డే కేర్ మేడమ్‌నే అడిగాను. ఈ దేశంలో మాకు తెలిసింది మీరొక్కరే అన్నాను.”

“ఏమంది?”

“అందరూ అదే అంటారట.”

“ఐదింటిలోపు ఇవ్వకపోతే?”

“పాప సీటు వరసలో తర్వాతి పిల్లకి ఇస్తారు. సోమవారం ఏడింటికి ఆసుపత్రి మందుల కౌంటర్లో నేను లేకపోతే నా కుర్చీ కూడా వరసలో తర్వాతి మనిషికి. మూడు పరీక్షలు రాశాను బావా ఆ కుర్చీ కోసం.”

“నాకు తెలీదా. ప్రశ్నలు అడిగి పెట్టింది నేనేగా. అమ్మని రమ్మందామా?”

“అత్తయ్యకి వీసా రావడానికి నాలుగు నెలలు. అంతవరకూ పాపని ఈ పెట్టెల్లో ఏ పెట్టెలో పెడదాం?”

“పార్కు పక్కన ఒకావిడ ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటుందన్నావుగా.”

“ఐదుగురు పిల్లలు, రెండు కుక్కలు.”

“పాపకి కుక్కలంటే ఇష్టమే.”

“పిల్లల్ని చూస్తున్నది కుక్కలే. ఆవిడ ఫోన్ చూస్తోంది.”

“ఇంటికొచ్చి చూసుకునే ఆయా?”

“వచ్చింది, మనల్నే ఇంటర్వ్యూ చేసి వెళ్ళింది. మళ్ళీ ఫోన్ లేదు. ఫెయిలయినట్టున్నాం.”

“సరే, ఇక్కడ మనకి తెలిసినవాళ్ళెవరో చూద్దాం. ఇల్లు చూపించిన ఏజెంటు.”

“తాళాలిచ్చిన రోజు నుంచి ఫోనెత్తడు.”

“మా సైటులో క్రేను ఆపరేటర్. నాతో బాగా మాట్లాడతాడు.”

“అరగంటలో వస్తాడా?”

“క్రేను దిగడానికే ఇరవై నిమిషాలు.”

“మరి ఆ రోజు కొట్లో పరిచయమైన మనవాళ్ళాయన?”

“వేరే ఊరికి మారిపోయాడుగా. పోతూ పోతూ మనకో బకెట్ ఇచ్చాడు.”

“బకెట్ పేరు రాయనా?”

“నీ ఇష్టం. ముందు పుట్టిన తేదీ అదీ నింపు.”

“ఈ పెన్ను రాయడం లేదు. ఆ సొరుగులో—”

“ఆ సొరుగు కాదు. కిందిది.”

“కిందిదాంట్లో మేకులేగా. ఇవేంటి బావా?”

“ఏవి?”

“చీటీలు. ఐదు, ఆరు, ఏడు.”

“అవా. ఏవో ప్రకటనలు.”

“చేత్తో రాసిన ప్రకటనలా?”

“కింది ఇంటి పెద్దావిడ. చీకటి పడ్డాక తలుపు కింద నుంచి తోసిపోతుంది, పొద్దున్నే పనికి వెళ్తూ నేను తీస్తాను.”

“ఎప్పట్నుంచి?”

“దిగిన మొదటి వారం నుంచి.”

“నాకు చెప్పలేదేం?”

“అప్పటికే నువ్వు రోజుకోసారి వెనక్కి వెళ్ళిపోదాం అంటున్నావు. ఇవి కూడా చూపిస్తే సామాను విప్పేదానివా?”

“అందుకేనా మెట్ల మీద ఆవిడ కనిపిస్తే నీకు ఫోన్ వచ్చేసేది!”

“చదవకు. అన్నీ ఫిర్యాదులే.”

“‘ఉదయం ఆరూ నలభై. హాలు నుంచి వంటింటికి పరుగు. పదకొండు సార్లు.’”

“మరీ ఎక్కువ చేసి రాసింది.”

“పదకొండే. పాలగ్లాసు పట్టుకుని వెనక పరిగెత్తింది నేనేగా. ‘ఒంటిగంట పది, ఏడుపు. ఒంటిగంట పద్నాలుగు, నిద్ర.’ అబ్బో. ‘మంగళవారం. మధ్యాహ్నం నిద్ర లేదు. దగ్గు. ఛాతీలోంచి వస్తోంది. డాక్టరుకి చూపించండి.’ బావా.”

“ఊఁ.”

“పాపకి దగ్గని నేను కనిపెట్టింది బుధవారం.”

“ఊఁ.”

“కనిపెట్టింది కూడా నేను కాదు. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, పాప గొంతు ఎందుకో తేడాగా ఉంది, ఓసారి చూడు అన్నావు.”

“అన్నాను.”

“తండ్రి ప్రాణం ఎలా పసిగట్టిందో అని ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.”

“నువ్వు అంత సంతోషపడుతుంటే మధ్యలో చీటీ ఎందుకని.”

“లే. ఫారం పట్టుకుని కిందికి వెళ్ళు.”

“ఆవిడ దగ్గరికా? ఏడు ఫిర్యాదులు రాసింది.”

“ఏడూ పాప గురించే. ఈ దేశంలో మన పిల్ల గురించి నాలుగు ముక్కలు రాసిన మనిషి ఇంకెవరున్నారు?”

“నువ్వెళ్ళు. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకుంటే బావుంటుంది.”

“దాచింది నువ్వు. చెప్పులేసుకో.”

“తలుపు తియ్యకపోతే?”

“తీస్తుంది. నువ్వు మెట్లు దిగడం కూడా వింటూనే ఉంటుంది.”

“అమ్మా, నాన్న ఏడీ?”

“కిందికెళ్ళాడమ్మా.”

“టక్‌టక్ మామ్మ దగ్గరికా?”

“టక్‌టక్ మామ్మ ఎవరే?”

“కింద ఉంటుందిగా. కర్రతో టక్, టక్, టక్ అంటుంది.”

“అలా అంటే నువ్వేం చేస్తావు?”

“నేనూ కాలితో టక్, టక్, టక్.”

“అయ్యో. తర్వాత?”

“మామ్మ నాలుగు కొడుతుంది. నేనూ నాలుగు. ఇప్పుడు కొట్టనా?”

“ఇప్పుడొద్దు తల్లీ. నాన్నని రానీ. ఇవాళ్టికి పరుపు మీద గెంతు.”

“నాన్న వచ్చాడు.”

“ఏమంది బావా?”

“చెప్పులు బయట విప్పమంది.”

“తర్వాత?”

“ఫారం చదివింది. కళ్ళజోడు మార్చి మళ్ళీ చదివింది.”

“బావా, నాలుగున్నర అవుతోంది.”

“సంతకం పెట్టింది. ఇదిగో. ఫోన్ నంబరు కూడా రాసింది. అరగంట అక్కర్లేదట, డే కేర్‌కి తను పన్నెండు నిమిషాల్లో నడుస్తుందట. కర్ర లేకుండా అయితే పదిహేను.”

“ఊరికే ఒప్పుకుందా? గెంతకూడదు, పరిగెత్తకూడదు, ఏమీ అనలేదా?”

“పరుగు గురించి అడగలేదు. గురువారం నేను సెలవు పెట్టగలనా అని అడిగింది.”

“గురువారం ఏముంది?”

“తనకి కంటి ఆపరేషన్. అయ్యాక ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు లేకపోతే చెయ్యరట. ఆసుపత్రి వాళ్ళదీ ఒక ఫారం ఉంది.”

“అందులో మన పేర్లు రాస్తానందా?”

“అడగాలనే ఏడుసార్లు పైకొచ్చిందట. తీరా తలుపు దాకా వచ్చాక నోరు రాక, పాప గురించి చీటీ రాసి తోసేసి వెళ్ళిపోయేదట.”

“ఇంతమంది ఉండగా మనల్నే ఎందుకు?”

“నేనూ అదే అడిగాను. ఇన్నేళ్ళలో తను కర్రతో పైకప్పు కొడితే తిరిగి పలికిన ఇల్లు ఇదొక్కటేనట.”

“సెలవు పెట్టు బావా. ఆవిడని రాసేసుకోమను.”

“ఎప్పుడో రాసేసింది. కాగితం చూపించింది. తారీఖు చూస్తే మనం దిగిన నాలుగో రోజు.”

“మన పేర్లు కూడా తెలియవు కదా, ఏమని రాసింది?”

“‘పైన పరిగెత్తే పాప తాలూకువాళ్ళు’ అని.”