లండన్ రేవులో చాప దించినవాడు

ఈ స్ట్రైక్ అనే మాటని పుట్టించింది ఎవరనుకుంటున్నారు? నేనే. హెస్టరక్కా, ఇంకాస్త బీరు పొయ్యి, చెబుతాను.

"నీకూ దానికీ పోలికల్లేవే ఒబడయా," అంది బీరు కొట్టు నడిపే హెస్టర్. "త్వరగా చెప్పు. ఈ పూట ఒక్క ఓడ రేవు దాటినా కూలి పెంచమన్న మన పట్టు జారిపోతుంది."

జారదు, నేనున్నాను. మొదట్లో ఆ మాటకి కొట్టడమని అర్థం. తర్వాత మా ఓడవాళ్లు తెరచాప దించడాన్నీ అదే అన్నారు. రాజుగారి ఓడ ఎదురొస్తే చాప దించి దండం పెట్టాలి కదా, అదీ స్ట్రైకే. నాకు ఒళ్లు మండింది. ఆకలికి వంగాం, యజమానికి వంగాం, రాజుగారి కొయ్యదుంగలకీ వంగాలా? మొన్న పొద్దున ఒక బొగ్గు ఓడెక్కి, కూలి పెంచేదాకా ఇది కదలదని చాప దించేశాను. ఒక్క చాపే, అబద్ధమెందుకు.

"అంతేనా బాబాయ్?" అన్నాడు పడవ నడిపే నెడ్.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది చూసి పక్క ఓడ చాప దానంతటదే జారింది, దాన్ని చూసి ఇంకోటి, గ్రీనిచ్ దాకా ఓడలన్నీ ఈకలు పీకిన కోళ్లలా నిలబడ్డాయి. గాలి నా దగ్గరికొచ్చి, మరి నేనేం ఊదను అంది. నువ్వూ శ్రమజీవివే, మాలో చేరు అన్నాను. చేరింది. పొగ పైకి పోలేక వీధుల్లో చతికిలబడింది. చేపలు ఈత మానేసి ఒడ్డున నడిచాయి. చంద్రుడు కబురంపాడు, సముద్రాన్ని లాగీ లాగీ నడుం పడిపోయింది, నేనూ ఇవాళ్టి నుంచి రానని...

హెస్టర్ కిటికీ తోసింది. "చంద్రుడు పనిలోనే ఉన్నాడు, ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. అదిగో, ఆ ఓడకి చాపలన్నీ ఎత్తే ఉన్నాయి, ఈ ఆటుకే కదిలేట్టుంది. ఎవరిదది?"

నేను పనిచేసే ఓడే.

"ఎక్కి దించు మరి."

నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. నేనందులో వంటవాణ్ణి.

నెడ్ కూడా నవ్వలేదు.

"పొయ్యి ఆర్పడం వచ్చా?" అంది హెస్టర్.

వచ్చు.

"నీళ్లు గుమ్మరించి దిగిపో. పస్తుండి మోకు లాగేవాడెవడో చూద్దాం."

నెడ్ పడవ విప్పడానికి లేచాడు.

చాప దించకుండా స్ట్రైక్ ఎలా అవుతుందక్కా అన్నాను.

"ఆర్పి రా. ఆ తర్వాత అవుతుంది."