పిండి లేని గ్రైండరు

పెంచలయ్య పెండ్లాము రెడ్డెమ్మ కువైటుకు పోయిందనుకో. మగోడు పోలా, ఆడమనిషే పోయింది. మా గుండ్లపల్లె పక్క అంతే గదా, అరబ్బోళ్ల ఇండ్లల్లో పనికి ఆడోళ్లనే రమ్మంటారు. వానొస్తే కారే కొట్టంలో పదేండ్లు కాపురం చేసింది ఆయమ్మ. పైన స్లాబు ఏసుకోవాల్సిందేనని పట్టుబట్టి రెండేండ్లకని ఒప్పుకోని పోయిందంట. స్లాబు పడింది. రెండు రూములు, వంటిల్లు, గోడలకు నున్నంగా రంగు. పిల్లాజెల్లా లేరు, అంత ఇంట్లో పెంచలయ్య ఒక్కడే. దగ్గితే గోడలు గూడా తిరిగి దగ్గుతాయని ఆయప్పే నాకు చెప్పినాడు. నవ్వుతా చెప్పినాడులే, నాకు మాత్రం నవ్వు రాలా.

ఆయమ్మకు దినానికి అరగంటే తీరిక. ఆ ఇంటి మేడమ్మ అన్నం తిని కునుకు తీసేటప్పుడు ఫోను పట్టుకుంటుంది, మనకది సాయంత్రం నాలుగున్నర. మా ఊర్లో సెల్లుకు సిగ్నలు యాడుంది? గుట్టెక్కాల. పెంచలయ్య ఎండల్లో గూడా గుట్టెక్కి మాట్లాడతాండె. ఒకరోజు ఆయమ్మ, నేను కట్టించుకున్న ఇల్లు నేను చూసుకోవద్దా, దినామూ ఆ గుట్ట రాళ్లు చూపిస్తావేందయ్యా అనిందంట. దాంతో ఈయప్ప ఇంటికి ఇంటర్నెట్టు పెట్టించినాడు. లైన్‌మ్యాను దస్తగిరి వచ్చి, వీధి స్తంభం నుంచి తీగ లాగి, వంటింటి కిటికీలో కరెంటు తీగ పక్కనే దూర్చి, గూట్లో ఒక పెట్టె పెట్టి పాయె. పెట్టెకు పచ్చ లైట్లు మినుకుమినుకు. రెడ్డెమ్మ గోడగోడా చూపించుకునింది. ఆ మూల పగులేంది అని కూడా అడిగింది. వారం రోజులు ఇద్దరూ మంచంలో పక్కపక్కన కూర్చున్నంత సంతోషంగా ఉండారనుకో.

తర్వాత ఏమైందంటే, ఆయమ్మ అడిగేది ఒకే మాట. ఏం వండినావు, ఏం తిన్యావు. ఈయప్ప తినేదేముంది? బంకు కాడ బన్ను, టీ. ఆదివారం ఇంత అన్నం వండుకుంటే మంగళవారం దాకా అదే. ఆ మాట చెప్తే ఆయమ్మ ఆడ అన్నం ముట్టదు. అందుకని, దోశలకు నానబెట్టినా, రుబ్బుతాండా అని చెప్తాండె. దోశలంటే ఈయప్పకు ప్రాణం, అది ఊరంతా తెలుసు. గ్రైండరు చప్పుడు వినపడదే అనిందంట ఆయమ్మ ఒకనాడు. అంతే. మరుసటి రోజు ఫోను మోగే ముందే పోయి, మూలనున్న పాత గ్రైండరు స్విచ్చి ఏసినాడు. బియ్యం లేవు, మినపప్పు లేదు, వట్టి రాళ్లు తిరుగుతాండాయి. ఇంట్లో సంసారం చప్పుడు వినపడాల, అంతే ఆయప్ప ఆశ. నిజం చెప్తాండా, ఆ చప్పుడు ఆయప్పకూ బాగుండె. రోజుకో అరగంట ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతాన్నట్టే ఉంటుందంట.

ఆ పొద్దు నుంచే నెట్టుకు తెగులు పట్టింది. నాలుగున్నర అయితే చాలు, పెట్టెలో ఎర్ర లైటు. రెడ్డెమ్మ మొగం ముక్కలు ముక్కలై, నోరు తెరిచింది తెరిచినట్టే నిలబడిపోతాది. మాట సగం ఈడ, సగం యాడికి పోతాదో. పెంచలయ్య కంప్లైంటు మింద కంప్లైంటు ఇచ్చె. దస్తగిరి పొద్దున పదింటికి వచ్చి చూస్తే నెట్టు ఝామ్మని పరిగెత్తుతాది. నీ లైను బంగారంగా ఉంది చిన్నాయనా అని పోతాడు, సాయంత్రానికి మళ్లీ మామూలే. ఆఖరికి మా వీధి ముసల్ది, కొత్త ఇంటికి దిష్టి తగిలింది, కువైటు డబ్బు మీద అందరి కండ్లూ ఉంటాయి అంటే, ఈయప్ప నమ్మి ఆ పెట్టెకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టినాడు. నువ్వు రాసుకుంటాండావు గదా, ఇది గూడా రాసుకో, పెట్టెకు నిమ్మకాయ. నేను కండ్లారా చూసినా.

ఇదంతా ఎందుకు చెప్తాండానంటే, రెండేండ్ల గడువు దగ్గర పడింది. పెంచలయ్య కడుపులో ఒకటే మాట ఉంది, చాల్లే రెడ్డెమ్మా, ఇంక వచ్చేయ్ అని. స్లాబు పడింది, ఇంకేం కావాల. కానీ మగోడు గదా, ఆ మాట ఊరికే నోట్లోంచి రాదు. ఈపొద్దు చెప్తా, ఈపొద్దు చెప్తా అని దినామూ గడ్డం గీక్కోని, మంచి చొక్కా ఏసుకోని, గ్రైండరు స్విచ్చి ఏసి, ఫోను ఎత్తతానే మొగాన నవ్వు పెట్టుకోని కూర్చుంటాడు. ఈయప్ప నోరు తెరిచేలోపల బొమ్మ బిగుసుకుపోతాది. ఒక బేస్తవారం ఆయమ్మ ఏందో శానాసేపు మాట్లాడింది. మొగం దగ్గరగా పెట్టుకోని ఏందో అడిగినట్టే ఉంది. ఒక్క ముక్క వినపడలా. ఏందే, ఏందే అని ఈయప్ప అరుస్తాండాడు, అది ఆ పక్కకు ముట్టిందో లేదో. అరగంట అయిపాయె. రేపు అడుగుదాంలే అనుకున్నాడు.

మూడు రోజులు ఆయమ్మ ఫోను రాలా. మేడమ్మ ఇంటికి చుట్టాలొచ్చినారంట. నాలుగోరోజు పక్క వీధిలో ఏదో పనుండి దస్తగిరి సాయంత్రం పూట ఇట్ల వచ్చినాడు. చేతిలో చిన్న రేడియో. ఏ స్టేషనూ పెట్టకుండా ఆ రేడియో పట్టుకోని తిరిగితే, తీగను యాడ ఏది చెడగొడతాందో గరగరమని చెప్తాదంట. ఈపొద్దన్నా ఫోనొస్తాదని పెంచలయ్య అప్పటికే గ్రైండరు స్విచ్చి ఏసినాడు. దస్తగిరి ఆ ఇంటి ముందరికి రాంగానే రేడియో గరగర మొదలుపెట్టె. వాకిట్లో కొంచెం. నడవలో ఇంకొంచెం. వంటింట్లోకి పోతే చెవులు పగిలిపోయేంత. గ్రైండరు కాడ పెట్టి చూసి, ప్లగ్గు పీకేసినాడు. రేడియో నోరు మూసుకునింది. గూట్లో పెట్టె చూస్తే పచ్చ లైటు.

పాత మోటారు చిన్నాయనా, లోపల నిప్పులు కొడతాంది, ప్లగ్గు గూడా కాలిపోయింది, దీని గోలంతా నీ నెట్టు తీగలోకి దూరతాంది, తీగలు రెండూ కలిపి తెచ్చింది నా తప్పే అన్యాడంట దస్తగిరి. అని, పిండి తీసెయ్యి, మోటారు చూస్తా అంటా మూత ఎత్తినాడు. లోపల చూస్తే తడి గూడా లేదు, వట్టి రాళ్లు. దస్తగిరి పెంచలయ్య మొగం చూసె. పెంచలయ్య గోడ చూసె. పిల్లోడు మంచోడు. మూత మెల్లగా పెట్టేసి, నాలుగున్నరయింది, ఫోనొస్తాదేమో, నేనొస్తా అని పాయె.

ఫోనొచ్చింది. అమ్మా, ఎంత తేటగా ఉందంటే, ఆయమ్మ ముక్కుపుడక గూడా మెరుస్తాందంట. ఆయమ్మ ఈయప్పను చూసి చూసి, ఎంత చిక్కిపోయినావయ్యా అనె. బొమ్మ ముక్కలైనన్నాళ్లూ కండ్లకు ఆనలా మరి. ఇంట్లో ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం.

"ఈపొద్దు గ్రైండరు ఎయ్యలేదే?" అనింది రెడ్డెమ్మ.

"పిండి ఉండాదిలే," అన్యాడు ఈయప్ప.

"పదేండ్లు రుబ్బినదాన్ని. పిండుంటే ఎట్ల తిరుగుతాదో, వట్టి రాళ్లు ఎట్ల తిరుగుతాయో నాకు తెల్దా? మొదటి రోజే తెలుసు. నువ్వు అంత ఇష్టంగా తిప్పుతాండావు, ఎందుకులే అని ఊరుకున్యా."

అప్పుడు పెంచలయ్యకు మగోడిననే బింకం పాయె. సిగ్గూ పాయె. మంచి చొక్కాతోనే కండ్లు తుడుచుకోని, చాల్లే రెడ్డెమ్మా, నాకు తోచడంల్యా, ఇంక వచ్చేయ్ అన్యాడు. రెండేండ్లు మోసిన మాట, ఒక్క ముక్క తెగకుండా కువైటుకు పోయి ముట్టింది. ఆయమ్మ రెప్ప గూడా ఎయ్యకుండా చూస్తానే ఉండె. బొమ్మ బిగుసుకునిందేమో అని ఈయప్ప పెట్టె దిక్కు చూసినాడు. పచ్చలైటే ఉంది.

"బేస్తవారం అడిగినా గదయ్యా. మేడమ్మ ఇంకో రెండేండ్లకు కాయితం తెచ్చింది, సంతకం పెట్టమంటే పెడతా, రమ్మంటే వస్తా, నీ ఇష్టం అన్యా. నువ్వు పలకలా. ఆ నవ్వు నవ్వుతానే ఉంటివి, వెనకాల గ్రైండరు తిరుగుతానే ఉండె. నేను లేకున్నా బాగానే ఉండాడులే అనుకున్యా. మేడమ్మ నిద్ర లేచింది. సంతకం పెట్టేసినా."

ఇంతే కత. నిమ్మకాయ తీసి పారేసినాడు. ఇప్పుడు పెంచలయ్య పొద్దున్నే నిజంగానే నానబెట్టి రుబ్బుకుంటాడు, నాలుగున్నరకు పిండి గిన్నె ఫోనుకు చూపిస్తాడు, ఆయమ్మ ఆ పక్క నుంచి ఉప్పేసినావా అంటుంది. నెట్టుకు మళ్లీ ఏ తెగులూ రాలా. మాటలు అయిపోయినాక గూడా కట్ చెయ్యకుండా ఒకరినొకరు చూస్తా కూర్చుంటారంట, మేడమ్మ లేచేదాకా. ఆయమ్మ కంట్లో నీళ్లొస్తే అవి గూడా తేటగా కనపడతాయంట ఈయప్పకు. అంత బాగా కనపడేది మేలో కీడో నాకు మాత్రం తెల్దు నాయినా. ఇంకా పందొమ్మిది నెలలుండాయి. లెయ్యి, నేను పోయి ఎనుముకు నీళ్లు పెట్టాల.