చోందమ్మ చేతికి చెక్క

విరాజపేట బజారు చివర, తుపాకులకు చెక్కలు చేసే సన్నప్ప కొట్టు. బెళ్ళియప్ప తన వేట తుపాకీ పట్టుకొని వచ్చాడు. వెంట భార్య చోందమ్మ.

"ఇదీ కాదు సన్నప్పా, ఇంకా సన్నంగా కావాలి. మెడ దగ్గర చూడు, మా చోందమ్మ వేళ్ళు చుట్టూ తిరగడంలేదు."

"ఇంతకంటే సన్నం చేస్తే చీపురుపుల్ల అవుతుంది బెళ్ళియప్పన్నా. పేలినప్పుడు వెనక్కి తంతుంది కదా, విరిగిపోతుంది."

"విరక్కుండా చెయ్యి. అందుకేగా నీ దగ్గరికొచ్చింది."

"అసలు పాత చెక్కకేమొచ్చింది? మా నాన్న చేతిపని అది. ఇరుగుడు మాను. మనం పోయినా అది ఉంటుంది."

"నేనూ అదే చెప్పా సన్నప్పా. వింటేనా?"

"నువ్వుండు చోందీ. ఇదిగో, ఈ పనస చెక్క పట్టుకో. భుజానికి ఆనించు. ఊఁ... అలా కాదు, చెంప ఆనించాలి."

"ఆనించాను."

"బరువుందా?"

"ఉంది."

"అబద్ధం. పాతదాంట్లో సగం లేదు."

"మరి అడగడమెందుకు?"

"అమ్మో, అక్క గురి చూస్తుంటే నాకే భయమేస్తోంది! దేనిమీదికన్నా ఈ దండయాత్ర?"

"పందులు సన్నప్పా. కాఫీతోటలో దిగి కుమ్మేస్తున్నాయి. మా చోంది బయటికొచ్చి ఆకాశంలోకి పేలిస్తే చాలు."

"మీరుండగా అక్కెందుకు? మంచులో పరిగెత్తే పందిని పడగొట్టిన చెయ్యి మీది."

"నాకు... ఈమధ్య నిద్రెక్కువైంది."

"చిక్కారు కూడా."

"వయసొస్తే చిక్కరా? ఎప్పటికిస్తావో చెప్పు."

"కైల్‌పోదు పండక్కి. ఆయుధాల పూజలో కొత్త చెక్కతో మెరిసిపోవాలి."

"అంతదాకానా? వద్దు, వద్దు. ఈ వారమే కావాలి."

"పందులకేం తొందరన్నా?"

"తొందరే. విను, రెండుసార్లు పేల్చడానికి వీలుగా ఉండాలి. ఒకటి పేల్చి, భుజం దించకుండా వెంటనే రెండోది."

"రెండు మోతలా? పందులకా? అదేంటన్నా... చావు కబురుకే కదా రెండు మోతలు! వినబడితే ఊరు ఊరంతా పనులొదిలేసి పరిగెత్తుకొస్తుంది, ఎవరు పోయారోనని. అయ్యో, ఆ దగ్గేంటన్నా? మంచినీళ్ళు తేనా?"

"ఈ పాడు దగ్గొకటి... వద్దులే, మంచినీళ్ళు జీపులో ఉన్నాయి, తాగొస్తా. నువ్వు కొలతలు తీసుకో. చోందీ, చెయ్యి కదపకు."

"మెల్లిగా వెళ్ళండి. అక్కడ మెట్టుంది."

"తెలుసులే."

"అక్కా, వేలు మీట మీద పెట్టు."

"కొలువు సన్నప్పా."

"అన్నని మైసూరు డాక్టరుకి చూపించారటగా, ఏమన్నాడు?"

"కొలవమన్నానుగా?"

"అక్కా."

"ఇక మందుల్లేవు, ఇంటికెళ్ళిపొమ్మన్నాడు. నాతో కాదు, ఆయనతోనే అన్నాడు. నేను తలుపవతల ఉన్నా. నాకు తెలీదనుకుంటున్నారు. పందులంటారు. నేనూ సరే, పందులే అంటా."

"పేల్చడానికి మగవాళ్ళే లేరా? మీ మరిది నంజప్ప పక్క తోటలోనేగా?"

"పంపకాలప్పుడు మాటలు తెగిపోయాయిగా. ఆ తమ్ముడి చెయ్యి ఈ తుపాకీ మీద పడకూడదట. నేనే పేల్చాలట... పెళ్ళైన కొత్తలో దీన్ని తుడిచి, నూనె పెట్టి సిద్ధంగా ఉంచేవారు సన్నప్పా. కొడుకు పుడితే ఒక్క మోత మోగిద్దామని. కొన్నేళ్ళు అలా తుడిచారు. తర్వాత మానేశారు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఒక్క మాట."

"ఊరుకో అక్కా. ఆయన చూస్తారు."

"పొద్దున్నే పెరట్లో నిలబెట్టి నేర్పుతారు. నిలబళ్ళేక గోడకానుకుంటారు, అయినా నేర్పుతారు. నేను ఎత్తలేనంటా. చేతికి పట్టడం లేదంటా. 'సరే, రేపు చూద్దాం' అని లోపలికొచ్చి కాస్త గంజి తాగుతారు. నేను నేర్చేసుకుంటే ఆ గంజి కూడా ముట్టరు. 'నీకు రాకుండా నేనెక్కడికీ పోనే' అంటారు."

"ఇహ బెంగ లేదక్కా. చూడు, నీ చేతికి కొలిచి చేసినట్టుంది ఈ చెక్క. పేల్చడం ఒక్క పూటలో వచ్చేస్తుంది."

"అదే... అదే నాకు భయం. పగిలిందని చెప్పు సన్నప్పా. పుచ్చిందని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"ఆయన వేటగాడక్కా. చెక్క చూస్తే తెలీదా?"

"తెలిస్తే తెలియనీ. నువ్వు చెప్పు."

"ఏంటి, నేనిలా వెళ్ళొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళ గుసగుసలు? నన్నొదిలేసి అడవికి పోదామనా? అమిరిందా చోందీ? సన్నప్పా, నువ్వు చెప్పు. అమిరిందా?"

"లేదన్నా. అక్క చేతికి ఇది కుదరదు. కొత్త మాను కోయించాలి, నీడలో ఆరబెట్టాలి, చాలా రోజులు పడుతుంది. అంతదాకా మీరు ఆగాల్సిందే."