మోతి బిస్కెట్లు

కామారెడ్డి బస్టాండు వెనక గల్లీలో అన్వరి బేగం బిస్కెట్ల భట్టీ. ఎవరి పిండి వాళ్లు తెచ్చుకుంటే అక్కడ కలిపి, కాల్చి, డబ్బాలో పోసి ఇస్తారు. అది ఎనభై ఏడో సంవత్సరం, మాఘమాసం. ఎల్లారెడ్డి నుంచి పొద్దటి బస్సుకు దిగిన భూమక్క అరుగు మీద కూర్చుంది కానీ, మూట మాత్రం ఇంకా విప్పలేదు.

"గిటు జరుగు బిడ్డా అన్వరీ, ఇంకా దగ్గరికి జరుగు. చెవు గిటియ్యి. గల్లీకంత ఇనబడేటట్టు చెప్పే ముచ్చట కాదు."

"జరిగిన అవ్వా. ఇంక జరిగితే నీ ఒళ్లె కూసుంట. చెప్పు, మూటల ఏముంది?"

"పిండి."

"భట్టీకి పిండి గాక బట్టలు తెస్తరా? ఏం పిండి?"

"జొన్నపిండి, ఒక కిలో. గుడ్లు తెచ్చిన, నాలుగు. గీ సీసల ఎముకల రసం. మేకవే బిడ్డా, మీ గనీ మాంసం దుకాణంలయే. నీ భట్టీకి వేరేది తెస్తనా?"

"తేవు, నాకెరుక. చక్కెర ఏది?"

"వద్దు."

"ఉప్పు?"

"ఉప్పొద్దు."

"డాల్డా?"

"రేకుకు పూసేటంత ఉంటె చాలు. ఏందే, నవ్వుతున్నవా?"

"లే అవ్వా, దగ్గొచ్చింది. ఎవలకివి?"

"సుట్టాలకు."

"ఉప్పు లేదు, చక్కెర లేదు. గసోంటియి తినే సుట్టాలు ఎక్కడున్నరు నీకు?"

"సుట్టాలకంటె సుట్టాలకు కాదు. సుట్టాలు వచ్చినప్పుడు మా మోతికి."

"ఓ, మోతికా. సరే, తే, కలుపుత."

"ఆగు ఆగు. మోతి ఎవలని అడుగుతలేవేంది?"

"ఆఁ? ఎవలు అవ్వా మోతి?"

"కుక్క."

"ఓ! కుక్కా!"

"గంత పెద్దగ నోరు తెరవకు, ఈగలు పోతయి. నీ మొఖంల ఏదో మతలబున్నది అన్వరీ."

"మతలబేం లే. కుక్కకు బిస్కెట్లు ఎందుకొచ్చినయని అడగాల్నా వద్దా అని చూస్తున్న."

"అడుగు మరి."

"ఎందుకు?"

"నోరు మూయనీకి. మా మనుమరాలు గంగామణికి సంబంధాలు చూస్తున్నం గద. మొదలు సదాశివనగరోళ్లు వచ్చిండ్రు. ఆటో దిగి ఒక్క కాలు కింద పెట్టిండో లేదో, పెద్దమనిషి దోతి కొంగు మోతి నోట్లె ఉన్నది. కుక్క అడ్డమొచ్చిందని చాయ్ గూడ తాగకుంట మళ్లిపోయిండ్రు."

"అయ్యయ్యో. తర్వాత?"

"తర్వాత రామారెడ్డోళ్లు. వాళ్లు జర ఓపికోళ్లు. శకునం తప్పిందని పక్కింట్ల కూసున్నరు, నీళ్లు తాగిండ్రు, మళ్ల మొదటి సంది బయలెల్లినట్టు బయలెల్లిండ్రు. అది గూడ మళ్ల మొదటి సంది మొరిగింది."

"అవ్వా, నన్ను నవ్వియ్యకు, పిండి మీద పడుత."

"నీకు నవ్వులాటున్నది. మూడోది గాంధారోళ్లు. పిలగాని మేనమామ చెప్పులు మా వాకిట్ల ఇడిచి ఉరికిండు. ఇప్పటికి మా సూరు కిందనే ఉన్నయి, ఎవ్వరు రాలే అడగనీకి."

"కట్టెయ్యకపోతిరా?"

"కట్టేసినం. తాడు తెంపుకున్నది. తెంపుకున్నదంటె... ముడి ఊడింది. నేనేసిన ముడి బర్రె గుంజినా ఊడది, ఎట్ల ఊడిందో ఎరుక లేదు. చిత్రమేందంటె, పాలోడొస్తె మొరగది. పోస్టాయన వస్తె తోక ఊపుతది. బిచ్చపోన్ని వాడ చివరిదాక సాగనంపుతది. పిల్లను చూడ వచ్చినోళ్లనే పడతది! బేస్తారం నాలుగో సంబంధమోళ్లు వస్తున్నరు. గిది గూడ తప్పిపోతె మా గడప తొక్కేటోడుండడు. మా కొడుకు పర్శరాములేమో కుక్కను లారీల ఎక్కిచ్చి ఆదిలాబాద్ అడవిల దింపిస్త అంటున్నడు. నా పెద్దకొడుకసోంటిది బిడ్డా అది."

"మరి బిస్కెట్ల ఉపాయం ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలు చెప్తరు? నా నాలికె చెప్పింది. మొన్న మంచం కింద ఊడుస్తుంటె ఒక ముక్క దొరికింది. మోతి దాని కోసం నా చీపురు మీదికి వచ్చింది. అంత రుచి ఏముందని కొంచెం నోట్లెసుకున్న."

"కుక్క బిస్కెట్టు తిన్నవా!"

"తింటె ఏమాయె? నోట్ల పండ్లుంటె ఇంకోటి తిందును. జొన్న తగిలింది, గుడ్డు తగిలింది, ఎముకల రసం తగిలింది. ఉప్పు లేదు, తీపి లేదు. ఓ దిక్కు మాడింది గూడ."

"అది మా ఆయన తప్పు అవ్వా, ఆ దినం మంట ఎక్కువైంది."

"ఏ దినం?"

"ఏ దినమో. ఊరికె అన్న."

"అన్వరీ."

"చాయ్ తాగుతవా అవ్వా? అల్లం చాయ్."

"చాయ్ తర్వాత. ఏ దినం మంట ఎక్కువైంది?"

"...శనారం."

"శనారం నీ భట్టీల గీ బిస్కెట్లు ఎవలు కాల్పిచ్చుకున్నరు?"

"కసమ్ తిన్న అవ్వా, చెప్పనని."

"ఎవలకు తిన్నవ్ కసమ్?"

"ఒక కాలేజి పిల్లకు."

"ఏ ఊరు?"

"మీ దిక్కే."

"మా ఊరా?"

"ఆ దిక్కంటె ఆ ఊరే అయితది మరి."

"ఏ ఇల్లు? మా ఇల్లా? అన్వరీ, నా మొఖం చూసి చెప్పు, మా ఇల్లేనా?"

"చూడు, నేను చెప్పలే. నువ్వే అన్నవ్."

"గంగామణి!"

"మెల్లగ అవ్వా, గల్లీకి ఇనబడుతది."

"ఇనబడనీ! ఎన్ని దినాల సంది?"

"దీపావళి పోయినంక. శనారం శనారం టిఫిన్‌ల పిండి తెస్తది, కాలేజి ఇడిచినంక వచ్చి కాల్పిచ్చుకపోతది. మొదలు నేను గూడ అడిగిన, గివి మేకలకా అని. మోతికి పాఠం చెప్తున్న పిన్నీ అన్నది."

"కుక్కకు ఏం పాఠం?"

"మీ కొడుకు దోతి ఒకటి కట్టెకు కడతదట. దొడ్లె అటిటు నడిపిస్తదట. మోతి మొరిగితె ఒక బిస్కెట్టు. మొరగకపోతె లేదు."

"ఓరి దేవుడా! పర్శరాములు తెల్లదోతికి గడ్డిపోచలంటితె చాకలామెతోని కొట్లాడినగదనే నేను! తాడు గూడ ఇదే ఇప్పిందన్నట్టు. రానీ ఇంటికి, దాని కాళ్లిరగ్గొట్టకపోతె నా పేరు భూమక్కనే కాదు. నోరు లేదా దానికి? సంబంధం వద్దంటె వద్దని చెప్పరాదు?"

"చెప్పిందట."

"ఎవలకు?"

"బాపుకు ఓసారి. నీకు రెండుసార్లు."

"నాకా? ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు కందులు చెరుగుతున్నవట. వచ్చే నెల పరీక్షలున్నయి, పాసైతె టీచరు ట్రైనింగు చేస్త, పెండ్లయితె పుస్తకాలు అటుకెక్కుతయి, నువ్వన్న చెప్పవ్వా అన్నదట. నువ్వు, కందుల్ల రాళ్లున్నయి అన్నవట."

"గట్లన్ననా నేను?"

"అన్నవా లేదా?"

"కందుల్ల రాళ్లుండె మరి."

"రెండోసారి?"

"రెండోసారి నాకు యాదికి లేదు. ఆ... ఉన్నది. బర్రె పొద్దుపోయినా ఇంటికి రాలేదన్న."

"వచ్చిందా బర్రె?"

"కొట్టంలనే ఉండె. పోనీయి. గిప్పుడు అది ఏం చేస్తది గీడ, బిస్కెట్లు కాలేదాక?"

"గా పిండి బస్త మీద కూసుంటది. బయటికి సదువుతది. మా ఆయన లోపల భట్టీ కాడ నిలబడి అంతా ఇంటడు, మతలబు తెల్వకున్నా వాహ్ అంటడు. గిటు చూడు, గా డబ్బాల మీద సుద్దముక్క రాత కనబడుతుందా?"

"కనబడుతుంది. ఎవల్ని పెట్టుకున్నవ్ రాయనీకి?"

"నేనే."

"నువ్వా? నువ్వు బడికే పోలేదంటివి."

"పోలే. ఇదివరకు ఎవరి రేకుకు వాళ్ల గుర్తు పెట్టేటిదాన్ని, ఒకరికి చింతగింజ, ఒకరికి గాజుముక్క. పోయినేడు చింతగింజ ఎవరిదో మర్చిపోయి ఒకళ్ల పెండ్లి బిస్కెట్లు ఇంకొకళ్ల సున్తీ దావతుకు పోయినయి. ఎంత లొల్లయిందో! మీ పిల్ల చూసింది. శనారానికి నాలుగక్షరాలు నేర్పింది. నా పేరు రాస్త, మా ఆయన పేరు రాస్త, ఊరు రాస్త. ఆగు... గిది నీ డబ్బా. గిట్ల... గిట్ల... చూడు."

"ఏంది గిది?"

"భూమక్క. నీ పేరు."

"గిదా? గింతేనా?"

"గంతే."

"అరవై ఏండ్ల సంది మోస్తున్న, ఎంత పెద్దగుంటదో అనుకున్న. గీ సున్న చుట్టుకున్నట్టున్నదేంది?"

"అదే భూ. నీకు గూడ నేర్పుత అన్నదట. ముసలిదాన్ని, నాకెందుకన్నవట."

"అన్న. అన్ని నేనే అన్న, నోరున్నదిగద. నన్ను చూడ వచ్చిన నాడు గూడ ఉండె నోరు, అప్పుడే పెగలలే. పదకొండేండ్లుండె నాకు. మా అమ్మమ్మ మెదక్ తోలుకపోత, ఏడుపాయల జాతర చూపిస్త అన్నది. రేపు బయలెల్లుతమనంగ వీళ్లొచ్చిండ్రు. జాతరంత పెద్దగ పెండ్లి చేస్తమన్నరు. తలుపెనక నిలబడి, వీళ్లు ఎట్లనన్న మళ్లిపోతె బాగుండు, ఎట్లనన్న మళ్లిపోతె బాగుండు అని మొక్కిన."

"మళ్లలే?"

"ఎట్ల మళ్లుతరు బిడ్డా? మా ఇంట్ల కుక్క లేకపాయె."

"అవ్వా..."

"ఏడ్వకు, పిండిల పడుతది. ఉప్పొద్దని చెప్పిన గద."

"మరి కలపాల్నా, వద్దా? గిప్పుడు మోతిని మొరగకుంట చేస్తవా? పోనీ, మీ కొడుక్కి చెప్పరాదు, పరీక్షలయ్యేదాక ఆగు అని."

"వాడా? వాడు పెండ్లాం మాట ఇనడు, బిడ్డ మాట ఇనడు, తల్లి మాట అసలే ఇనడు. మోతి మాట ఇన్నడు, మూడుసార్లు. లారీ ముచ్చటంటవా, నేను లారీ ముందు పండుకుంట, ఎట్ల ఎక్కిస్తడో చూస్త. కలుపు."

"ఎంత? కిలో పిండి అంతనా?"

"అంతా కలుపు. సాలకపోతె నీ దగ్గరున్న జొన్నపిండి ఇంకో కిలో పొయ్యి. గంగామణికి చెప్పకు నాకు తెలిసిందని. దాని పరీక్షలు అది సదువుకోనీ, గీ పని నేను చూసుకుంట."

"ఏం పని అవ్వా?"

"ఇంక ఇను, మంచిగ యాదికుంచుకో. మా పర్శరాములొచ్చి అడిగినా, మా ఊరోళ్లు ఎవలడిగినా, గిట్లనే చెప్పు: భూమక్క పాపం కుక్క నోరు మూయనీకే గీ బిస్కెట్లు కాల్పిచ్చుకపోయిందని. పదిమందికి చెప్పు. చెప్తవా? శెభాష్. ఇగ లోపటికి పోయి మీ ఆయనది పాత ప్యాంటు ఉంటె ఒకటి తెచ్చియ్యి బిడ్డా. బేస్తారం వచ్చేటోళ్లంత ప్యాంట్లోళ్లేనట, మోతి సదువు ఇంక దోతి కాడనే ఉన్నది."