తోర్తు కింద పది వేళ్ళు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన తల్లిదండ్రుల సంఘం అధ్యక్షులు పొన్నప్పన్ గారికి, ప్రధానోపాధ్యాయిని జెస్సీ టీచర్‌కి, ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చుని నా ప్రశ్నలన్నీ భరించిన నా తోటి ఉపాధ్యాయులకి, పనులు మానుకుని పడవలెక్కి వచ్చిన అమ్మలకి, నాన్నలకి, అమ్మమ్మలకి, ఎండలో కూర్చుని ఇది ఎప్పుడవుతుందా అని చూస్తున్న నా పిల్లలకి, అందరికీ నమస్కారం.

ఇంతసేపూ నా గురించి నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడారు. వింటుంటే ఎవరీ సుధర్మ టీచర్, ఒకసారి చూసి రావాలే అనిపించింది. (నవ్వులు) పొన్నప్పన్ గారైతే కుట్టనాడు మొత్తానికి కంప్యూటర్ నేర్పింది నేనేనన్నారు. అయ్యా, మీ ఫోను మొరాయిస్తే ఇప్పటికీ మీ మనవరాలు బడి నుంచి వచ్చేదాకా దాన్ని బల్ల మీద పెట్టి కాపలా కాస్తారు. ఆ సంగతి నాకు తెలుసు, మీ మనవరాలే చెప్పింది. (నవ్వులు) కాబట్టి మొత్తం కుట్టనాడుని లెక్కలోంచి తీసేద్దాం.

అసలు నేను హిందీ టీచర్ని. పధ్నాలుగేళ్ళ కిందట పదిహేను కంప్యూటర్లు పడవలో వచ్చాయి. వాటిని దింపి, తుడిచి, ఆ మూల గదిలో సర్దాక, అప్పటి హెడ్మాస్టర్ గారు స్టాఫ్ రూములోకి వచ్చి "టైపింగ్ ఎవరికొచ్చు?" అని అడిగారు. ఉద్యోగం రాకముందు ఆలప్పుళలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయర్ పాసయ్యాను. ఈయన ఎందుకు అడుగుతున్నాడో కనుక్కుందామని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించడానికి పధ్నాలుగేళ్ళు పట్టింది.

పిల్లలు మొదట్లో ఒక్క వేలితో, కోడి గింజలేరుకున్నట్టు కొట్టేవాళ్ళు. ఇంటర్నెట్‌లో వెతికితే టైపింగ్ నేర్పే సైట్లు దొరికాయి, డబ్బులక్కర్లేనివి. అందులో ఒకదాంట్లో అక్షరాలు మోసుకుంటూ చేపలు ఈదుకుంటూ వస్తాయి, అవతలి గట్టుకి చేరేలోపు ఆ అక్షరం కొట్టాలి. మన పిల్లలు కొట్టడం మానేసి చేపల్ని చూడటం మొదలుపెట్టారు. "టీచర్, ఇది కరిమీను కాదు, తోక చూడండి" అని ఒకరు, "ఇంత చిన్న చేపపిల్లని పట్టకూడదు, వదిలెయ్యాలి" అని ఇంకొకరు. (నవ్వులు) చేపల మీద నుంచి చూపు మరలితే వేళ్ళ మీదకి. వేళ్ళు చూసుకోకుండా కొట్టించడమెలా? రేపటి నుంచి ప్రతివాళ్ళూ ఇంటి దగ్గర నుంచి ఒక తోర్తు తువ్వాలు తెచ్చుకోండి, చేతుల మీద, కీబోర్డు మీద కప్పుకుని కొట్టండి అన్నాను. మర్నాడు ఒక తల్లి జెస్సీ టీచర్ దగ్గరికొచ్చి, "టీచర్, ఈ కంప్యూటర్ క్లాసులో పిల్లలకి తలంటి పోస్తారా ఏమిటి?" అని అడిగిందట. (పెద్దగా నవ్వులు) ఆవిడ ఈ సభలోనే ఉన్నారు, నేను అటు చూడటం లేదు.

ఆ తోర్తుల కింద నుంచి వచ్చే చప్పుడు వింటూ గదిలో తిరగడం నాకు మహా ఇష్టంగా ఉండేది. ఎవరి చిటికెన వేలు బద్ధకిస్తోందో, ఎవరు ఆలోచించి కొడుతున్నారో, ఎవరు కొట్టాక ఆలోచిస్తున్నారో వీపు వెనక నుంచే తెలిసిపోయేది. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి తోర్తు తీసి పక్కన పెట్టి, "టీచర్, అక్షరాలు వరసగా ఎందుకు పెట్టలేదు? ఎ పక్కన బి ఉంటే వీళ్ళ సొమ్మేం పోయింది?" అని అడిగింది. నాకు తెలియదు. బోర్డు మీద 'తెలియదు' అని రాసి, అందరం కలిసి వెతికాం. మూడు సైట్లు మూడు జవాబులు చెప్పాయి. వెంటనే ఆ పిల్లే, "మరి ఈ ముగ్గురిలో అబద్ధాలకోరు ఎవరు టీచర్?" అంది. ఆ పూట టైపింగ్ జరగలేదు. రాసిందెవరు, ఎప్పుడు రాశారు, వాళ్ళకెలా తెలుసు అని మూడు ప్రశ్నలు తేలాయి. డిజిటల్ పౌరసత్వం అని పుస్తకంలో బరువైన పేరు పెట్టారు గానీ, నాకు ఆ పాఠం మొదలుపెట్టించింది ఆ పిల్ల నోరే.

ఆ మూడు ప్రశ్నలూ ఇళ్ళకి కూడా వెళ్ళాయి. ఒక వానాకాలం ఫోన్లలో ఎవరిదో రికార్డు చేసిన గొంతు తిరిగింది, బయటి గట్టు తెగింది, సామాన్లు పైకెత్తుకోండి అని. మన ఆరో తరగతి పిల్ల ఒకతి అమ్మమ్మని ఆపి, "ఎవరు చెప్పారు అమ్మమ్మా? ఎప్పుడు చెప్పారు? నువ్వు చూశావా?" అందట. "గట్టు తెగితే నేను వెళ్ళి చూసొచ్చేదాకా నీళ్ళు ఆగుతాయటే? ముందు బియ్యం బస్తా పట్టు!" అని ఆవిడ. బస్తా అటకెక్కించాకే తెలిసింది, ఆ గొంతు మూడేళ్ళ నాటిదని. ఇప్పుడు ఆవిడకి ఎవరేం చెప్పినా, "ఏ ఏడాది గట్టు నాయనా అది?" అని అడుగుతోందట. (నవ్వులు, చప్పట్లు)

సరే. నవ్వించింది చాలు. బోటు నాలుగూ నలభైకి గనక, అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పేస్తాను. ఇది చెప్పడానికే నేను నాలుగు రోజులుగా నిద్ర సరిగ్గా పోలేదు.

ల్యాబు నెలాఖరుకి షిఫానా టీచర్ చేతుల్లోకి వెళుతోంది. అప్పగించేముందు, ఇన్నేళ్ళ టైపింగ్ రికార్డంతా ఒకసారి తిరగేద్దామని కూర్చున్నాను. ఆ సైట్ ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఎన్నింటికి మొదలుపెట్టింది, ఎన్నింటికి ముగించింది, ఎన్ని తప్పులు కొట్టింది అన్నీ దాచి ఉంచుతుంది. నా కుతూహలం మీకు తెలిసిందే కదా. పిల్లలు ఏ రోజున ఎక్కువ తప్పులు కొడతారో చూద్దామనుకున్నాను. దొరికింది! పడవ పందేలకి ముందురోజు శుక్రవారం. ప్రతి ఏడూ అంతే, వేళ్ళు కీబోర్డు మీద, మనసు పున్నమడ సరస్సులో. (నవ్వులు) అలా చూస్తుంటే, రెండున్నరేళ్ళ కిందటి శుక్రవారం, తొమ్మిదో తరగతిలో, అందరికీ ముప్ఫై నలభై తప్పులుంటే, ఒక్క పేరు ఎదురుగా సున్నా ఉంది. తొమ్మిదో పాఠం. పదకొండూ ఆరుకి మొదలు, పదకొండూ పదహారుకి ముగింపు. ఎవరీ బుద్ధిమంతురాలు అని పేరు చదివాను. చదివి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

ఆ శుక్రవారం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. తరగతికని నేను పెట్టిన నోటీసు బోర్డు సైట్‌లో, ఆ పూట ఒక వాక్యం వచ్చింది. "వర్గీస్ సార్ లెక్కలు చెబితే ఫ్యాను కూడా నిద్రపోతుంది" అని. (వర్గీస్ సార్: "ఇప్పటికీ నిద్రపోతోంది టీచర్!" నవ్వులు) ఈ రోజు ఆయన నవ్వుతున్నారు. ఆ రోజు నవ్వలేదు, కొత్తగా వచ్చిన మనిషి, స్టాఫ్ రూములో మధ్యాహ్నం అన్నం ముందు అలాగే కూర్చుండిపోయారు. ఆ వాక్యం పైన ఒక అమ్మాయి పేరుంది, సమయం ఉంది. పదకొండూ పదకొండు.

ఆ అమ్మాయిని పిలిచాను. "నేను రాయలేదు టీచర్. ఆ టైములో నేను తొమ్మిదో పాఠం కొడుతున్నాను" అంది. నేనేమన్నానో తెలుసా? "నీ లాగిన్‌లోంచి వచ్చిన మాట నీదేనమ్మా, క్లాసులో చెప్పానా లేదా?" అన్నాను. నా పాఠం నాకు అంత ముద్దొచ్చింది. ఆమె చొక్కాకి ఉన్న ఐటీ క్లబ్ లీడర్ బ్యాడ్జీ నేనే తీశాను. సోమవారం అసెంబ్లీలో ఇదే మైకు ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించాను. వర్గీస్ సార్ అడగలేదు. జెస్సీ టీచర్ "పోనీలెండి, చిన్నపిల్ల" అన్నారు. నేనే పట్టుబట్టాను, నా ల్యాబు పేరు పోతుందని.

టైపింగ్ పాఠంలో పది సెకన్లు వేళ్ళు ఆగితే పాఠం ఆగిపోతుంది. అది పది నిమిషాలు ఆగలేదు. ఆ పిల్ల కూర్చునేది నా బల్ల పక్కన. ఆ పూట జారిపోతున్న తోర్తుని ఆమె చేతుల మీద సర్దింది కూడా నేనే, ఆ రికార్డు చూశాక గుర్తొచ్చింది. ఒకే మనిషి తోర్తు కింద తప్పు లేకుండా పాఠం కొడుతూ, మధ్యలో ఇంకో సైట్‌లోకి వెళ్ళి ఒక వాక్యం రాసి రాలేదు. మరి ఆమె పేరుతో వేరేవాళ్ళు ఎలా వెళ్ళారు? తలుపు వెనక పాత క్యాలెండరు తిప్పి, దాని వీపు మీద ముప్ఫైమంది పాస్‌వర్డులూ నేనే నా గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాను. నలభై నిమిషాల పీరియడులో పావుగంట "టీచర్, మర్చిపోయాను"తోనే పోయేది, అందుకని. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని బోర్డు మీద రాసేదాన్ని, వెనక్కి తిరిగితే తలుపు వెనక అందరివీ నేనే చెప్పేసి ఉన్నాను. షిఫానా టీచర్, ఆ క్యాలెండరు చింపేశాను. వాళ్ళు మర్చిపోతే మర్చిపోనీ. పావుగంట పోతే పోనీ.

రాసిందెవరని నేను వెతకను. తెలుసుకోవాలని నాకు ప్రాణం పోతోంది, అయినా వెతకను. (కొద్దిగా నవ్వులు) వాళ్ళు ఇక్కడే ఉంటే వింటున్నారు, అది చాలు. వర్గీస్ సార్‌కి నిన్న చెప్పాను. "రెండున్నరేళ్ళు ఆ పిల్ల ఎదురొస్తే తల తిప్పుకుని నడిచాను టీచర్" అన్నారు.

ఆ పిల్ల ఆ తర్వాత క్లాసుకి వచ్చింది, పరీక్షలు రాసింది, మంచి మార్కులే తెచ్చుకుంది. కానీ వెనక వరసకి వెళ్ళిపోయింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అక్షరాలు వరసగా ఎందుకు లేవని ఒకతి అడిగిందన్నానే, ఈమే ఆమె. పెద్దపిల్ల అయింది, అందుకే మాట తగ్గింది అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషిని, ఆ మౌనం ఎందుకని నాకు నేను ఒక్కసారీ అడుక్కోలేదు.

మొన్న ఆదివారం పడవెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. రేవు మెట్ల మీద కూర్చుని చేపలు కడుగుతోంది. రికార్డు కాగితం చూపించాను. చేతులు తుడుచుకుని, మొత్తం చదివి, మడిచి ఇచ్చేసింది.

"రెండున్నరేళ్ళు పట్టిందా టీచర్?" అంది.

"నాకు చూడాలని తోచలేదమ్మా."

"మీకు అన్నీ చూడాలనే ఉంటుంది కదా, ఇదొక్కటే ఎందుకు తోచలేదు?"

వాళ్ళమ్మ లోపల నుంచి టీ తెచ్చింది, తాగమంది, నేను తాగలేకపోయాను. కాసేపటికి అడిగాను, "నా వీడ్కోలు సభలో ఈ సంగతి అందరికీ చెబుతాను, నీకు ఇష్టమైతేనే. నీ పేరు మాత్రం చెప్పను, సరేనా?" అని. పిల్లలకి నేర్పిన పాఠం కదా, ఇంకొకరి సంగతి నలుగురిలో పెట్టేముందు వాళ్ళని అడగాలని. నేను చాలా మర్యాదగా అడిగాననే అనుకున్నాను.

ఆమె నవ్వింది. మంచి నవ్వు కాదు అది. "ఆ రోజు మైకులో నా పేరు చెప్పి పిలిచారు టీచర్. ఎనిమిది వందలమంది విన్నారు. ఇప్పుడు పేరు లేకుండా చెబితే, మంచిమాట ఎవరికి వెళ్ళినట్టు? పేరు చెప్పండి. ఇంటిపేరూ చెప్పండి. నాన్న పేరు కూడా, ఆయన ఆ నెల పొడుగునా రేవు దగ్గర టీకొట్టుకి వెళ్ళలేదు."

అందుకని చెబుతున్నాను, అందరూ వినండి. వెనక ఉన్నవాళ్ళు కూడా వినండి. ఆ అమ్మాయి పేరు ఆర్ద్ర. చిరయిల్ వీటిల్ పుష్కరన్ గారి కూతురు ఆర్ద్ర. ఇప్పుడు పదకొండో తరగతి, సైన్స్. రెండున్నరేళ్ళ కిందట మీ అందరి ముందూ క్షమాపణ చెప్పిన ఆర్ద్ర ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. పుష్కరన్ గారూ, మీ అమ్మాయి అబద్ధం చెప్పలేదండీ. ఆర్ద్రా, నన్ను క్షమించమని అడుగుతున్నాను. ఇప్పుడే జవాబు చెప్పనక్కర్లేదు, అసలు చెప్పకపోయినా నేను అడగను.

(వెనక నుంచి ఎవరో లేచి నిలబడిన చప్పుడు.)

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీకందరికీ నా కృతజ్ఞతలు. ఇప్పుడు ఈ మైకు ముందుకు రమ్మని నేనెవరినీ పిలవను, ఆర్ద్ర తనంతట తనే వస్తోంది. ఏం చెబుతుందో నాకు తెలియదు. కింద కూర్చుని వింటాను. సెలవు.