నునుపు మితిమీరిన రెండు పలకలు: కరసావా ఫుసాయె గారి నలభై రెండేళ్లు

1984 ఏప్రిల్ రెండవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, నగానోలోని సువా సరస్సు ఒడ్డున ఉన్న మన సూక్ష్మయంత్ర పరిశోధనాలయపు లోహశాలలో, పద్దెనిమిదేళ్ల కరసావా ఫుసాయె గారు సహాయ సాంకేతికురాలిగా ఉద్యోగంలో చేరారు. ఆనాడు శాలలో ఉన్న ఇరవై మంది పురుషులలో ఒక్కరైనా ఆమె నెల రోజులకు మించి నిలుస్తారని నమ్మలేదట. వారందరూ ఒకరి వెనుక ఒకరు విరమించి వెళ్లిపోగా, ఆమె నలభై రెండు సంవత్సరాలు నిర్విరామంగా సేవలందించి, ఈ మార్చి ముప్పై ఒకటిన మన నుండి సెలవు తీసుకుంటున్నారు.

ఆనాటి శాలాధిపతి, కీర్తిశేషులు ఓగుచి గారు, మెచ్చుకోవడంలో పిసినారి, మందలింపుకు మాత్రం కొదవలేని పెద్దమనిషి. మొదటి మూడేళ్లూ ఆమె చేత ఉలితో ఉక్కు పలకలను గీకి చదును చేయించారే తప్ప మరొక యంత్రాన్ని ముట్టుకోనివ్వలేదు. "గీత నీ కంటికి కనపడకపోతే చాలదమ్మా, నీ వేలికి కూడా తెలియకూడదు" అనేవారట. ఆ మాట ఆమె వేళ్లలోకి ఎంతగా ఇంకిపోయిందో మనం ఆలస్యంగా తెలుసుకున్నాం.

2006లో ఫుసాయె గారు లోహశాలకు తొలి మహిళా అధిపతి అయ్యారు. అప్పటికే ఆమె చేతి పనితనం ఎన్నో దేశాల పరిశోధనాలయాలకు చేరింది. ఆమె మాత్రం విమానం ఎక్కింది లేదు. ప్రపంచమే ఆమె దగ్గరకు వచ్చింది. శిక్షణకు వచ్చిన విదేశీ విద్యార్థులను ఎదురుగా కూర్చోబెట్టి, టీతో పాటు స్వయంగా పెట్టిన ఆవాకు ఊరగాయ వడ్డించి, పని నేర్పేవారు. చిలీ నుండి వచ్చి రెండేళ్లు ఆమె దగ్గర పనిచేసిన ఎలియానా కిస్పే ఆ ఊరగాయకూ, మన భాషకూ ఒకేసారి అలవాటు పడింది.

ఆ ఎలియానాయే 2019లో చిలీలో జరిగిన సంపూర్ణ సూర్యగ్రహణ పరిశీలనకు ఉభయ దేశాల తరఫున యంత్ర బాధ్యురాలు. సూర్యుడు పూర్తిగా మరుగయ్యేది రెండు నిమిషాల పైచిలుకు. ఆ నడుమ ఒక ఉక్కు పలక మరొకదాని మీద జారి, వెలుగును వడగట్టే గాజును మార్చాలి. ఆ పలకలు మనవే. గ్రహణానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఎలియానా ఫోన్ చేసి, "కదలడం లేదు! వేడి చేసి చూశాం, తట్టి చూశాం. నాలుగేళ్ల కష్టం పోయేలా ఉంది" అని ఏడ్చింది.

అప్పటి అంతర్జాతీయ సంబంధాల విభాగాధిపతి హిరాబయాషి, అంటే ఈ వ్యాసకర్తే, సంస్థ పరువు కాపాడవలసిన సమయం వచ్చిందని భావించి, ప్రయాణంలో తేమ తగిలి ఉండవచ్చునంటూ గంభీరమైన లేఖ సిద్ధం చేశారు. ఫుసాయె గారు ఎలియానా పంపిన ఫొటో చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"చెడిపోలేదండీ. మరీ బాగా అంటుకున్నాయి."

"మరీ బాగా అంటే?"

"వాళ్లు అడిగిన దానికంటే పదింతలు నునుపు చేశాను. అడిగినంతే చేసి నా శాల నుంచి పంపాలంటే సిగ్గేసింది. ఇక్కడ పరీక్షలో కాస్త నూనె ఉంది, జారాయి. అక్కడ శుభ్రంగా తుడిచి బిగించారు. మధ్యలో గాలి కూడా లేకపోతే కరుచుకోవూ మరి?"

"ఇదంతా ఉత్తరంలో ఎలా రాస్తామండీ? తేమ అనేద్దాం, ఎవరి పరువూ పోదు."

"తేమ అని రాస్తే ఆ పిల్ల తొమ్మిది రోజులూ వాటిని ఎండబెట్టుకుంటూ కూర్చుంటుంది. తప్పు నాదని రాయండి. నా పేరు కూడా రాయండి."

ఈ వ్యాసకర్తకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చెప్పినట్టే రాశారు.

యాభై నాలుగేళ్ల వయసులో మొదటిసారి విమానమెక్కి, దారి పొడవునా వాంతులతో సతమతమై, గీకుడు ఉలి పెట్టెలో పెట్టుకుని ఫుసాయె గారు చిలీ కొండల్లో దిగారు. "లాగకు అమ్మాయ్, పక్కకి జరుపు" అంటూ చుక్క నూనెతో అరగంటలో పలకలను విడదీశారు. గాజు మసకబారుతుంది గనుక ఆ నూనె ఉంచడానికి వీల్లేదు. పొడిగానే జారాలంటే ఒకటే మార్గం. తాను నెలన్నర నునుపు చేసిన పలక ముఖాన్ని తానే ఉలితో చెక్కి, మధ్యలో గాలి చొరబడేలా సన్నసన్నని గుంటలు పెట్టసాగారు.

"అయ్యో, అద్దంలాంటి దాన్ని గీకేస్తున్నారా! నా ప్రాణం పోతోంది" అంది ఎలియానా.

"నీ ప్రాణం సంగతి సరే, నాది ఎప్పుడో పోయింది. దీపం ఇటు పట్టు."

గ్రహణం నాటి సాయంత్రం చీకటి కమ్ముకోగానే శిబిరమంతా కేకలు. "పైకి చూడండి, కరసావా గారూ, పైకి!" అని ఎలియానా అరుస్తుంటే, ఆమె యంత్రం మీద అరచెయ్యి ఉంచి, "ఆగవే, ముందు ఇది కదలనీ!" అన్నారు. పలక మెత్తగా జారింది. రెండో గాజు వచ్చి నిలిచింది. అది సరిగా కూర్చున్నదని నిశ్చయించుకుని ఆమె తలెత్తేసరికి సూర్యుడి అంచు మళ్లీ వెలుగుతోంది. "ఎలా ఉన్నాడమ్మా సూర్యుడు?" అని ఆమె అడిగితే, ఎలియానా ఆమెను కావలించుకుంది.

ఆ పరిశీలన ఫలితాలే ఈనాటి మన ఉభయ దేశాల శిక్షణ ఒప్పందానికి పునాది. మన నమూనా పటాలలో ఆనాటి నుండి ఒక కొత్త గడి చేరింది: ఇంతకు మించి నునుపు చేయరాదు. దాన్ని చేర్పించినవారూ ఫుసాయె గారే.

2035 సెప్టెంబరు రెండవ తేదీ ఉదయం మన నగానో ఆకాశంలోనే సూర్యుడు సంపూర్ణంగా మరుగవుతాడు. అప్పటికి ఫుసాయె గారికి డెబ్బై ఏళ్లుంటాయి. యంత్రంతో సహా తాను వస్తానని ఎలియానా ఇప్పటికే ఉత్తరం రాసింది: "ఆ రోజు యంత్రం మీద చెయ్యి నాది. మీరు పైకే చూడాలి." ఫుసాయె గారు ఆయురారోగ్యాలతో, కంటిచూపు చెదరకుండా, భర్త మినోరు గారితో కలిసి ఆ ఉదయాన్నీ, ఆ తరువాత మరెన్నో ఉదయాలనూ చూడాలనీ, ఆ రెండు నిమిషాలూ ఆమె చేతులు ఖాళీగా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.