రెండు పట్టీలు

హలో… ఆ, నేనే, అన్నయ్యని. డ్యూటీలో ఉన్నావా?… అయితే ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. బీపీ మిషనుకని నువ్వు పంపిన పెద్ద చేతిపట్టీలో ఏదో మతలబు ఉంది కదూ?

…నవ్వకు. పొద్దున పాత పట్టీతో బీపీ నూట డెబ్భై రెండు. పావుగంట ఆగి నీ పట్టీతో చూస్తే నూట ఇరవై ఆరు! అదే మనిషి, అదే చెయ్యి, అదే మిషను. మిగతాది ఎక్కడికి పోయిందే?

…కూర్చునే చూశా. అయిదు నిమిషాలు నోరు మూసుకుని, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టి… నీ నర్సు పాఠాలన్నీ కంఠతా వచ్చు నాకు.

మొదట నా అనుమానం మేస్త్రీ మీదే. మిషను తనే తెచ్చిచ్చాడు. వారం రోజులు చూసుకుని రాసుకురా, ఎక్కువుంటే మూటలు మోయనివ్వను అని. ఊరికే అంత ప్రేమ పొంగుకొస్తుందా? నా చోట్లో తన బామ్మర్దిని దూర్చాలని కాదూ?… సరే, సరే. ఇప్పుడు నీ మీద అనుమానం. అన్నయ్య పని పోతుందని, తక్కువ చూపించే పట్టీ చూసి పంపావు.

…కొలిచానే. మీ వదిన కుట్టు టేపుతో. కండ చుట్టూ నలభై రెండు సెంటీమీటర్లు. ఇరవై ఏళ్లు మూటలు మోసిన చెయ్యి మరి!… పాత పట్టీ మీదా? ఉండు, కళ్లజోడు… ఇరవై రెండు నుంచి ముప్ఫై రెండు అని ఉంది… అవును, గాలి ఎక్కేకొద్దీ చర్రుమని ఊడొచ్చేది. మిషను నాసిరకం అనుకున్నా.

…అంటే చిన్న పట్టీ వల్ల లేని బీపీ చూపించిందంటావు. నమ్మను. నేనేం వెర్రివాణ్నా? నీ పట్టీ మీ వదినకీ చుట్టి చూశా! పాతదాంట్లో నూట యాభై ఎనిమిది, నీదాంట్లో నూట ఇరవై రెండు. ఎవరికి చుట్టినా తక్కువే. దొరికిపోయావ్!

…ఆవిడ చెయ్యా? సన్నమే. మహా అయితే ఇరవై అయిదు. నీ పట్టీ ఆవిడకి వదులై జారిపోతుంటే ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

…మళ్లీ చెప్పు.

…సన్న చేతికి పెద్దది చుడితే తక్కువ చూపిస్తుందా? అంటే ఆవిడకి సరిపోయేది పాతదే… అయితే ఆ నూట యాభై ఎనిమిది—

…వారం నుంచీ అంతేనే. రోజూ నాతో పాటే చూసుకునేది. నూట అరవై, నూట యాభై ఆరు… మేస్త్రీ మిషను అందరికీ ఎక్కువే చూపిస్తుందిలే అని నేనే కొట్టిపారేశా. తలనొప్పంటే, కుట్టుపని తగ్గించు అన్నా. నేనే అన్నానే…

…లేదు, ఛాతీలో నొప్పేం లేదు. చూపు బాగానే ఉంది, ఇప్పుడే సూదిలో దారం ఎక్కించింది… ఇవాళే మీ ఆసుపత్రికి తీసుకొస్తా. మేస్త్రీ సంగతి తర్వాత, పోనీ!

…సరే, ఇంకోసారి చూసి చెప్తా. పాత పట్టీతోనే. పెట్టెయ్యకు, ఫోన్ బల్ల మీద పెడుతున్నా…

ఏమేవ్! ఆ కుట్టు ఆపి ఇలా వచ్చి కూర్చో… నాకు కాదే. నీకే. చెయ్యి ఇటివ్వు.